జారిన ఇటుక

మా తమ్ముడు దేశం తరపున వికెట్ల వెనక నిలబడి ఆడాడని అందరికీ తెలుసు. అంతకుముందు పరంజా మీద నిలబడి నా చేతి ఇటుకలు అందుకున్నాడని కొద్దిమందికే తెలుసు. ఆ పని సంగతి ముందు చెప్పాలి. లేకపోతే తర్వాతది అర్థం కాదు.

గోడ మనిషి ఎత్తు దాటాక పక్కనే వెదుళ్ళు పాతి, అడ్డంగా చెక్కలు పరిచి పరంజా కడతాం. ఇటుకలు పైకి చేరాలి. తట్టలో పెట్టుకుని నిచ్చెనెక్కుతూ కూర్చుంటే పొద్దుగూకినా పని తెమలదు. అందుకని కింద ఒకడు విసురుతాడు, పైన ఒకడు అందుకుంటాడు. విసిరే ముందు కిందవాడు ‘ఊ’ అంటాడు. ఇంకో మాట అక్కర్లేదు. ఆ పని నాకు నచ్చడానికి అదొక కారణం.

అందుకోవడానికి ఒక పద్ధతుంది. ఇటుకకి చేతులు ఎదురు పోకూడదు. పోతే వేళ్ళు నలుగుతాయి. ఇటుక పైకొచ్చి, ఇంక పోలేక గాల్లో ఒక్క క్షణం తటపటాయిస్తుంది. అప్పుడు చేతులు దాని కిందకి చేర్చి, దానితోపాటు కాస్త లేచి, మెల్లిగా దింపుకోవాలి. నిద్రపోతున్న పిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు. చూపు ఇటుక మీదే ఉండాలి. విసిరినవాడి మొహం చూడకూడదు. ఇంకొకటి, జారిన ఇటుక జోలికి పోకూడదు. అందకుండా పక్కకొచ్చిందా, వదిలెయ్యాలి. చెయ్యి చాపావంటే ఇటుక వెనకే నువ్వూ వెళ్తావు.

ఈ ఆఖరిది నేను పెట్టిన కట్టుబాటు. మా నాన్న పడ్డాక పెట్టాను.

నాన్న పెద్దమేస్త్రీ. పరంజా మీంచి ఇటుకల కుప్ప మీద పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. మళ్ళీ పనిలోకి రాలేదు. కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. దారినపోయే వాళ్ళందరితోనూ మాటలు కలిపేవాడు. ఇంటికి వచ్చిన మాటలన్నీ ఆయనే వాడేసుకున్నాడని, నా వంతుకి ఏమీ మిగల్లేదని మా ఆవిడ అంటుంది. ఎలా పడ్డావని ఎవరైనా అడిగితే నాన్న నవ్వేవాడు.

“ఆశపడ్డాను నాయనా. జారిపోయే ఇటుక మీద ఆశపడ్డాను. పోనీ సొంత ఇటుకా అంటే అదీ కాదు, ఊళ్ళోవాళ్ళది!”

అందరూ నవ్వేవాళ్ళు. తమ్ముడూ నవ్వేవాడు. నాన్న పడినప్పుడు వాడు చిన్నవాడు, అక్కడ లేడు. నేను ఉన్నాను.

వాడికి మీసాలు వస్తున్న వయసులో చదువు మానేసి నా దగ్గరికి వచ్చాడు. నాన్న స్థానంలో పైకి ఎక్కించాను. ఒకసారి పక్కకి పోతున్న ఇటుకకి ఒళ్ళంతా వంచి చెయ్యి చాపాడు. నిచ్చెనెక్కి పైకి వెళ్ళి చెంప మీద ఒక్కటిచ్చాను. వాడు మళ్ళీ ఎన్నడూ చాపలేదు.

క్రికెట్ మైదానం పక్కన ఆటగాళ్ళ గదులకి గోడలు లేపుతున్న రోజుల్లో వాడి దారి మళ్ళింది. ఒకడు కొట్టిన బంతి గాల్లోకి లేచి పరంజా మీదకి వచ్చింది. తమ్ముడి చేతుల్లో సిమెంటు మాలు పూసిన ఇటుక ఉంది. దాన్ని గోడ మీద పెట్టి, నిదానంగా తిరిగి, వట్టి చేతులతో బంతిని దింపుకున్నాడు. కిందకి విసిరి మళ్ళీ ఇటుక తీసుకున్నాడు.

అక్కడ ఆట నేర్పే ఆయన పరుగులాంటి నడకతో వచ్చాడు. ఆయన టోపీ తీయగా చూసినవాళ్ళు లేరు. అందరూ టోపీ మాస్టారు అనేవాళ్ళు.

“ఒరే అబ్బాయ్, బంతి నీ చేతిలో పడింది కదా, చప్పుడేదిరా?”

“చప్పుడెందుకొస్తుందండీ?” అన్నాడు తమ్ముడు.

మాస్టారు నా వైపు చూశాడు. “మేస్త్రీ, వీణ్ణి సాయంత్రాలు నాకివ్వు.”

నేను “ఊ” అన్నాను.

తర్వాతదంతా పేపర్లలో వచ్చింది. పొద్దున గోడ, సాయంత్రం ఆట. బ్యాటు కూడా వాడు తాపీ పట్టుకున్నట్టే, బిగించకుండా పట్టుకునేవాడు. జట్టు కష్టాల్లో ఉన్నప్పుడు ఆరుగురు అవుటయ్యాక దిగి, తొందరపడకుండా వరస మీద వరస పేర్చినట్టు పరుగులు పేర్చేవాడు. కొన్నేళ్ళకి దేశం జట్టులోకి తీసుకున్నారు. ఆ రోజు నాన్న కుర్చీ గుమ్మంలోంచి వీధిలోకి జరిగింది. ఎవరినీ ఊరికే పోనివ్వలేదు. చివరికి పోస్టుమాన్ మా వీధికి పక్కసందులోంచి రావడం మొదలుపెట్టాడు.

స్పిన్ వేసేటప్పుడు వికెట్లకి ఆనుకుని కూర్చుంటాడే కీపరు, అక్కడ మా వాడంత మెత్తని చేతులు ఇంకెవరికీ లేవన్నారు. ఫాస్ట్ బౌలర్లకి దూరంగా వెనక్కి వెళ్ళి నిలబడ్డప్పుడు వచ్చింది చిక్కు. బ్యాటు అంచుకి తగిలిన బంతి ఒక్కోసారి కీపరుకీ, పక్కన స్లిప్‌లో ఉన్నవాడికీ మధ్య నుంచి దూసుకుపోతుంది. దాని కోసం కీపరు పక్కకి ఎగిరి నేల మీద పడాలి. మా వాడు పడడు. బంతి వైపు ఒక అడుగు వేస్తాడు, చూస్తాడు, వదిలేస్తాడు. స్లిప్‌లో ఉండేది కెప్టెనే. కీపరు అందుకుంటాడని ఆయన ఆగుతాడు. బంతి ఇద్దరి మధ్య నుంచీ బౌండరీకి పోతుంది. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని మా వాణ్ణి చూసే చూపు టీవీలో పెద్దదిగా చూపించేవాళ్ళు.

“ఈయన కాళ్ళకి సిమెంటు పోశారేమో” అన్నాడు ఒకసారి టీవీలో మాట్లాడేవాడు.

మా ఆవిడ రిమోట్ తీసి టీవీ కట్టేసింది. “వాడి నోట్లో పొయ్యాలి సిమెంటు!”

ఒక సిరీస్‌లో అలాంటివి వరసగా పోయాయి. అలా బతికిపోయిన బ్యాట్స్‌మన్ ఒకడు సెంచరీ కొట్టాడు. జట్టు ఓడిపోయింది. సిరీస్ మధ్యలో విరామం ఇస్తే తమ్ముడు ఇంటికి వచ్చాడు. వెనకే టోపీ మాస్టారు కూడా వచ్చాడు. ఆయన అప్పటికి ముసలివాడయ్యాడు. టోపీ మారలేదు.

“ఆఖరి మ్యాచ్ ఒక్కటే ఉంది పెద్దాయనా” అని నాన్నతో చెప్పాడు. “అందులోనూ ఇలాగే వదిలేస్తే గ్లౌజులు వేరేవాడికి ఇచ్చేస్తారు. స్ప్రింగు అని ఒకడున్నాడు. చీమ తుమ్మినా ఎగిరి పడతాడు.”

“పోనీ వీణ్ణి బ్యాటింగుకి ఉంచుకోవచ్చుగా?” అన్నాడు నాన్న.

“బ్యాటు ఒక్కటే అయితే వీడికన్నా ముందు వరసలో అరడజను మంది నిలబడి ఉన్నారు. గ్లౌజులు ఉంటేనే వీడి బ్యాటుకి విలువ. గ్లౌజులు పోతే రెండూ పోయినట్టే. మళ్ళీ రానివ్వరు.”

తమ్ముడు గోడ వైపు చూస్తున్నాడు. “పడాలనే అనుకుంటాను మాస్టారూ. బంతి అటు పోతుంటే వెళ్దామనే అనుకుంటాను. లోపల ఎవరో నడుం పట్టుకుని లాగేస్తారు.”

“ఎవర్రా?” అన్నాడు మాస్టారు.

నేను లేచి పెరట్లోకి వెళ్ళాను.

పెరట్లో ఇసుక కుప్ప ఉంది, ఎవరి ఇంటి పనికో తెచ్చింది. పార తీసుకుని దాన్ని పరిచాను. తమ్ముడు వచ్చి చూసి, అడక్కుండానే గ్లౌజులు తెచ్చుకున్నాడు. నాన్న కుర్చీ మా ఆవిడ పెరటి గుమ్మంలోకి మార్చింది. మాస్టారు అరుగు మీద కూర్చున్నాడు. నేను బంతి తీసుకున్నాను.

“ఊ” అని వాడి కుడిపక్కకి విసిరాను.

ఒక అడుగు వేసి ఆగాడు. బంతి వెళ్ళి దొడ్డిగోడకి కొట్టుకుంది. మళ్ళీ “ఊ” అన్నాను. మళ్ళీ అంతే. ఎడమపక్కకి విసిరినా అంతే. వాడి మొహం ఎర్రబడింది. నాకు చెమటలు పట్టాయి.

మా ఆవిడ కడిగిన గిన్నెలు బోర్లిస్తూ చూస్తోంది. “ఏమండీ, ఆ ఊ అనడం ముందు మానండి. మీరు ఊ అనగానే మరిది పరంజా ఎక్కేస్తున్నాడు.”

అందరం ఆమె వైపు తిరిగాం.

“ఏం, తప్పా నేనన్నది? కాళ్ళు చూడండి. ఆ ‘ఊ’ వినగానే రెండు కాళ్ళూ చెక్క మీద ఉన్నట్టు దగ్గరపెట్టేసుకుంటున్నాడు. మీరు అక్కడ కొట్టిన చెంపదెబ్బ ఇంకా దిగలేదు మరిదికి.”

తమ్ముడు గ్లౌజులు తీసి ఇసుక మీద పడేశాడు. “అన్నయ్యని ఏమీ అనకు వదినా. అన్నయ్య చెప్పింది నిజమే కదా. నాన్న పడలేదా? ఒక్క ఇటుక కోసం తుంటి విరగ్గొట్టుకుని ఇన్నేళ్ళుగా కుర్చీలో కూర్చున్నాడు. పోయేదాన్ని పోనివ్వాలి. నాకు అదే ఎక్కింది. ఇప్పుడు ఎక్కణ్ణించి దింపుకోను?”

“ఇటుక కోసమా?” అన్నాడు నాన్న.

ఆయన గొంతులో నవ్వు లేదు. నా వైపు చూశాడు. ఎన్నడూ ఆయన నన్ను అలా చూడలేదు. నేను చెప్పాల్సింది ఉందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పడిన రోజున ఆసుపత్రి మంచం మీద నా మణికట్టు పట్టుకుని, “ఎవరికీ చెప్పకు పెద్దోడా, నీకు జీవితాంతం బరువవుతుంది” అన్నాడు. చెప్పకపోవడం నాకు అలవాటైన పనే కాబట్టి ఊరుకున్నాను.

బంతి నా చేతిలో ఉంది. దాని కుట్టు మీద బొటనవేలు రాస్తూ, “నా కోసం” అన్నాను.

తమ్ముడికి అర్థం కాలేదు. ఇంకా చెప్పాల్సి వచ్చింది.

“ఆ రోజు కింద ఉన్నది నేను. విసిరి, అక్కడే వంగి ఇంకో ఇటుక తీస్తున్నాను. నాన్న చేతులు మాలుతో తడిగా ఉన్నాయి. ఇటుక జారింది. తిన్నగా నా తల మీదకి వస్తోంది. నాన్న చెయ్యి చాపాడు.”

నేను అంత పొడుగ్గా మాట్లాడటం తమ్ముడు విని ఉండడు. మా ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఆమెకి కూడా చెప్పలేదు.

“పట్టుకున్నావా నాన్నా?” అన్నాడు వాడు.

“ఎక్కడరా! వేళ్ళ చివర తగిలింది, అంతే. తగిలేసరికి అది పక్కకి తిరిగింది. వీడి భుజం గీరుకుని పోయింది. నేను దాని వెనకే వచ్చాననుకో.” నాన్న కర్రతో నేల మీద కొట్టాడు. “వీడేమో కట్టుబాటు పెట్టాడు, చెయ్యి చాపకూడదని! నన్నడిగాడా? అడిగితే చెప్పేవాణ్ణి. ఆ రోజు చెయ్యి చాపకపోతే మీ అన్నయ్య ఫొటోకి దండ వేసుకుని కూర్చునేవాణ్ణి. కుర్చీయే నయం కదరా?”

నేను ఆ కట్టుబాటుని ఇప్పటికీ తప్పు అనుకోను. పరంజా మీద అది ఉండాల్సిందే. విసిరినవాడు వెంటనే పక్కకి జరగాలన్న కట్టుబాటు కూడా అప్పుడే పెట్టాను. కింద ఎవరూ లేనప్పుడు ఇటుకదేముంది, పగులుతుంది. కానీ తమ్ముడు వికెట్ల వెనక ఉన్నప్పుడు వాడి కింద లోతు లేదు. ఉన్నది గడ్డి. ఆ తేడా వాడి బుర్రకి తెలిసినా, ఒంటికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను, ఎందుకంటే చెయ్యి చాపొద్దని మొదట ఆ ఒంటికి చెప్పింది నేనే.

వాడు గ్లౌజులు వేసుకున్నాడు. నేను బంతి ఎత్తాను. అలవాటు కొద్దీ నోట్లోకి ఊ వచ్చింది. మింగాను.

“పడు” అన్నాను.

బంతి వదిలాను. వాడు కదిలాడు, మోకాలి మీద ఆగాడు. అందలేదు.

“పడరా!”

ఈసారి పక్కకి ఒరిగి కూలబడ్డాడు. సిమెంటు బస్తా జారినట్టు. నోటినిండా ఇసుక. నాన్న చప్పట్లు కొట్టాడు.

“భేష్! ఈ ఇసుకేదో ఆ రోజు నా కింద పోసి ఉంటే నేనూ ఇలాగే పడేవాణ్ణి కదా పెద్దోడా!”

మాస్టారు అరుగు మీంచి దిగివచ్చి భుజం ఎలా తిప్పాలో, మోచెయ్యి నేలకి తగలకుండా ఎలా దొర్లాలో చూపించాడు. అది ఆయన విద్య. నా విద్య విసరడం. ఆ విరామం రోజులన్నీ పెరట్లో అదే పని. మా ఆవిడ రోజూ ఇంట్లో ఇసుక ఊడ్చేది. “ఇంత వయసొచ్చాక అన్నదమ్ములు మట్టిలో ఆడుకుంటున్నారు, చూసేవాళ్ళు ఏమనుకుంటారు!” అంటూనే నేను అలిసిపోతే కొంగు బిగించి తనే బంతులు విసిరేది. ఆమె విసిరినవాటికి వాడు ఇంకా బాగా పడేవాడు. ఆమె ఎటు విసురుతుందో ఆమెకే తెలియదు మరి.

ఆఖరి మ్యాచ్ రోజున టీవీ ముందు ముగ్గురం కూర్చున్నాం. జట్టులో తర్వాత ఎవరు ఉంటారో ఆ మ్యాచ్ అవగానే చెప్తారు. స్ప్రింగుని కూడా వెంట తీసుకెళ్ళారు. మంచినీళ్ళు పట్టుకుని మైదానంలోకి పరుగెత్తుకొచ్చినప్పుడల్లా కెమెరా వాణ్ణి చూపించేది.

“వీడికెందుకంత హుషారు!” అంది మా ఆవిడ.

“వాడూ ఎవరో కన్నకొడుకే కదమ్మా” అన్నాడు నాన్న.

మా వాడు బ్యాటింగులో బాగానే ఆడాడు. దాని గురించి ఎవరికీ అనుమానం లేదు. ఫీల్డింగులో చాలాసేపు ఏ బంతీ మధ్యలోకి రాలేదు. రాకపోతే బాగుండునని ఒకసారి, వస్తేనే బాగుండునని ఒకసారి అనిపించింది. ఎదుటి జట్టులో మునుపు సెంచరీ కొట్టినవాడే నిలదొక్కుకుని కొడుతున్నాడు. వాడు ఉంటే మ్యాచ్ పోయినట్టే.

పొడుగు బౌలరు వచ్చి వేశాడు. బ్యాటు అంచు తగిలింది. బంతి కిందుగా, కెప్టెన్‌కీ మా వాడికీ మధ్యలోకి పోతోంది.

నేను ఊ అనలేదు. పడు అని కూడా అనలేదు. నా కుడిచెయ్యి దానంతటదే ముందుకి చాచుకుంది. నేను చూసుకోలేదు, మా ఆవిడ తర్వాత చెప్పింది.

మా తమ్ముడు పడ్డాడు. ఒళ్ళంతా నేలకి సమంగా చాచి, కుడిచెయ్యి చివరిదాకా పోనిచ్చాడు. బంతి గ్లౌజు వేళ్ళ చివర తగిలింది. చేతిలో ఆగలేదు. తగిలేసరికి దారి తప్పి గాల్లోకి లేచింది. కెప్టెన్ వెనక్కి రెండడుగులు వేసి గుండెల దగ్గర పట్టుకున్నాడు.

మా ఆవిడ కేకకి పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మైదానంలో అందరూ కెప్టెన్ మీద పడ్డారు. మా వాడు ఇంకా బోర్లానే ఉన్నాడు. ఒక్క క్షణం నాకు ఇటుకల కుప్ప కనిపించింది. అంతలో కెప్టెన్ అందరినీ తోసుకుని వచ్చి, చంకల కింద చేతులు వేసి వాణ్ణి లేవదీశాడు. వాడి గడ్డానికి గడ్డిపరకలు అంటుకుని ఉన్నాయి. నవ్వుతున్నాడు.

టీవీవాళ్ళు దాన్ని మళ్ళీ మళ్ళీ చూపించారు. నాన్న మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఊరుకోవడం మా ఇంట్లో అదే మొదటిసారి.

ఆ మ్యాచ్ గెలిచారు. వాడి పేరు తర్వాతి జట్టులో కూడా ఉంది. సాయంత్రం ఫోన్ చేశాడు. మా ఆవిడ స్పీకర్ పెట్టింది.

“నాన్నా, క్యాచ్ కెప్టెన్ పేరున రాశారు. నా పేరు ఎక్కడా లేదు” అన్నాడు నవ్వుతూ.

“నాది ఎవరు రాశారురా చిన్నోడా? తగిలించాం, చాలు” అన్నాడు నాన్న.

“అన్నయ్య ఉన్నాడా?”

మా ఆవిడ ఫోన్ నా నోటి ముందు పెట్టి, ఏదైనా మాట్లాడమని కళ్ళతో ఉరిమింది.

“దెబ్బ తగిలిందా?” అన్నాను.

“లేదన్నయ్యా. గడ్డే కదా.”

“ఊ” అన్నాను.

తర్వాత వాడు చాలా ఏళ్ళు ఆడాడు. కొన్ని పట్టాడు, కొన్ని పోయాయి. పోయినవి కూడా పడే పోయాయి. మోకాళ్ళు అరిగిపోయాక, వేళ్ళు వంకర్లు తిరిగాక, ఎవరూ చెప్పకముందే గ్లౌజులు విప్పేశాడు. ఆ గ్లౌజులు స్ప్రింగు వేసుకున్నాడు. మంచి కుర్రాడే. ఇంటికి కూడా వచ్చి వెళ్ళాడు. నాన్న అప్పటికి లేడు.

తమ్ముడు ఆట మానేసిన ఏడాది మా దొడ్డిగోడ కూలింది. నేనే కట్టుకుంటున్నాను. తమ్ముడు వచ్చి చొక్కా చేతులు మడిచాడు. మోకాళ్ళు వంగవు కాబట్టి వాడు కింద నిలబడ్డాడు. నేను తక్కువ ఎత్తు పరంజా మీదకి ఎక్కాను. వాడు “ఊ” అన్నాడు, విసిరాడు, నేను చెప్పిన పద్ధతిలోనే పక్కకి జరిగాడు. అలా చాలా అయ్యాయి. ఒకటి నా చేతులు దాటి పక్కకి వచ్చింది. వాడి వైపు చూశాను. దూరంగా గోడ నీడలో ఉన్నాడు. కింద ఎవరూ లేరు.

చెయ్యి చాపలేదు. ఇటుక పడి రెండు ముక్కలైంది. ఇద్దరం దాని వైపు చూశాం.

“ఊ” అన్నాడు తమ్ముడు, ఇంకొకటి చేతిలోకి తీసుకుంటూ.